లైసెన్స్ రాజ్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసినంతలో జవాబులు

సోషలిజం అనగానే ఒకళ్ళు రష్యా అంటారు, ఇంకొకళ్ళు స్వీడన్ అంటారు, వాదన అక్కడే తెల్లారిపోతుంది. అందుకే ఇక్కడ మన దేశంలో సోషలిజం పేరుతో 1951 నుంచి 1991 దాకా నడిచిన కథే చూద్దాం. ఆ నలభై ఏళ్ళు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనుభవించినవే, పక్కన కూర్చుని అడిగితే కథలు కథలుగా చెప్తారు.

ప్రశ్న: లైసెన్స్ రాజ్ అంటే ఏంటి? ఫ్యాక్టరీకి లైసెన్సులు ఇప్పుడూ కావాలి కదా?

కావాలి, కానీ ఇప్పుడు అడిగేవి ఎక్కువగా ఫైర్, పొల్యూషన్ లాంటివి. అప్పటి సంగతి వేరు. 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అని ఒకటి చేశారు, దాని లిస్టులో ఉన్న పరిశ్రమ ఏది పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, కొత్త సరుకు చేయాలన్నా, ఆఖరికి ఫ్యాక్టరీని ఈ ఊరి నుంచి ఆ ఊరికి మార్చాలన్నా ఢిల్లీ వాళ్ళు ఊ అనాలి. ఏడాదికి ఎంత సరుకు తీయాలో కూడా లైసెన్సులోనే రాసుంటుంది, దాన్ని బాగా దాటిపోతే తప్పు కింద లెక్క, అంటే ఎక్కువ పని చేసినందుకు నోటీసు వచ్చే రోజులన్నమాట. ఆ లైసెన్స్ చేతికొచ్చాక మెషిన్ బయటి నుంచి తెప్పించుకోడానికి ఇంపోర్ట్ లైసెన్స్, దానికి డాలర్ల కోసం రిజర్వ్ బ్యాంక్, షేర్లు అమ్ముదామంటే ఏ రేటుకి అమ్మాలో చెప్పడానికి ఢిల్లీలో ఇంకో కంట్రోలర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటారే, ఇక్కడ పూజారులు అరడజను మంది.

రాజాజీ దీనికి లైసెన్స్-పర్మిట్-కోటా రాజ్ అని పేరు పెట్టాడు. ఆయన 1959లో స్వతంత్ర పార్టీ పెడితే దానికి మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారు. ఆ ఏడాది నాగ్‌పూర్ కాంగ్రెస్ సభలో సహకార వ్యవసాయం అంటూ పొలాలన్నీ కలిపి సాగు చేయాలని తీర్మానం చేస్తే, రైతు చేతిలో భూమి లాగేస్తారా అని రంగా గారు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చేశారు. ఆ తీర్మానం తర్వాత కాగితం మీదే ఉండిపోయింది, అదృష్టం.

ప్రశ్న: మరి అంత తెలివైన వాళ్ళు అలాంటి సిస్టమ్ ఎందుకు పెట్టారు?

ఇప్పుడు కూర్చుని తిట్టడం తేలిక. 1947లో ఒకసారి నిలబడి చూడండి, కంపెనీ పేరుతో వచ్చినవాళ్ళు రెండొందల ఏళ్ళు దేశాన్ని ఏలి వెళ్ళారు, 1930ల్లో పెట్టుబడిదారీ దేశాలన్నీ మాంద్యంలో మునిగాయి, అదే టైములో సోవియట్ రష్యా ప్లాన్లు వేసుకుని స్టీలు మిల్లులు కట్టేసింది. చదువుకున్న వాళ్ళకి అది దారిలా కనిపించడంలో వింతేం లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, 1944లో టాటా, బిర్లా లాంటి పెద్ద వ్యాపారులే బాంబే ప్లాన్ అని ఒకటి రాసి భారీ పరిశ్రమలు సర్కారు చూసుకోవాలి, ప్లానింగ్ ఉండాలి అన్నారు. బయటి పోటీ రాకుండా గోడ కడతామంటే ఏ వ్యాపారి వద్దంటాడు!

తర్వాత 1955 జనవరిలో ఆవడి కాంగ్రెస్ సభలో సోషలిస్టు తరహా సమాజం మన లక్ష్యం అన్నారు, 1956 పారిశ్రామిక విధానంలో 17 పరిశ్రమలు సర్కారుకే అన్నారు, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు తయారుచేసిన రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. అప్పుడు సర్కారు పిలిచిన ఆర్థికవేత్తల ప్యానెల్‌లో బి.ఆర్. షెనాయ్ ఒక్కడే ఇది మన స్తోమతకి మించిన ప్లాను, నోట్లు అచ్చేస్తే ధరలు పెరుగుతాయి, కంట్రోళ్ళు పెంచొద్దు అని విడిగా నోట్ రాశాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు.

ప్రశ్న: మామూలు ఇళ్ళల్లో ఇది ఎలా ఉండేది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే జీడీపీ లెక్కల కంటే ఇక్కడే విషయం తెలుస్తుంది.

స్కూటర్ సంగతే తీసుకోండి. బజాజ్ చేతక్‌కి పదేళ్ళ దాకా వెయిటింగ్ నడిచిన రోజులున్నాయి, పెళ్ళిలో అల్లుడికి స్కూటర్ ఒప్పుకుంటే బుకింగ్ కాగితం చేతిలో పెట్టేవాళ్ళు, అల్లుడికి పిల్లలు పుట్టి బడికెళ్ళాక బండి వచ్చేది. వెంటనే కావాలంటే పైన ఆన్ మనీ ఇచ్చి ఎవరి పేరు మీదో వచ్చిన బండి కొనుక్కోవాలి, అంటే కొత్త బండి కంటే సెకండ్ హ్యాండ్‌కి రేటెక్కువ. హైదరాబాద్‌లో ఆల్విన్ వాళ్ళ పుష్పక్ స్కూటర్ అని ఉండేది, అది మాత్రం తొందరగానే దొరికేదట, ఎందుకు దొరికేదో నడిపినవాళ్ళనడగండి.

ఫోన్ అయితే 1991 నాటికి దేశం మొత్తంలో 50 లక్షల చిల్లర కనెక్షన్లు, జనం 84 కోట్ల పైన. మా తాతయ్య వాళ్ళ వీధిలో ఒక్క ఇంట్లో ఉండేది, వీధి మొత్తానికి ఆ నంబరే ఇచ్చేవాళ్ళు. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి, తొందరైతే అర్జెంట్ కాల్, ఇంకా తొందరైతే డబ్బులు దండిగా కట్టి లైట్నింగ్ కాల్. రేడియో ఉన్నా పోస్టాఫీసుకి వెళ్ళి ఏటా లైసెన్స్ కట్టుకోవాలి.

ఇల్లు కట్టాలంటే సిమెంట్ పర్మిట్. పెళ్ళికి చక్కెర ఎక్కువ కావాలంటే శుభలేఖ పట్టుకుని తాసీల్దారు ఆఫీసు. మా అమ్మమ్మ ఇప్పటికీ చెప్తుంది, వాళ్ళ పెళ్ళికి ముందు ముహూర్తం పెట్టుకోవాలో పర్మిట్ తెచ్చుకోవాలో తెలీక ఇంట్లో గొడవైందంట.

బంగారం గురించి ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. 1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు 14 క్యారెట్ల కంటే మేలైన నగలు కొత్తగా చేయకూడదని రూల్ పెట్టారు, డాలర్లు బంగారానికి పోతున్నాయని. జనం బంగారం మానేస్తారా? దొంగ రవాణా పెరిగింది, పని పోయి రోడ్డున పడ్డది కంసాలులు. ఆ 14 క్యారెట్ల రూల్ 1966లో తీసేసినా 1968లో మళ్ళీ గోల్డ్ కంట్రోల్ చట్టం తెచ్చారు, అది 1990 దాకా ఉంది.

విదేశాలకి వెళ్ళేవాళ్ళకైతే ఒక దశలో చేతికి ఇచ్చింది 8 డాలర్లు. ఇప్పుడు అమెరికాలో పెద్ద డాక్టర్లుగా రిటైరైన మన తెలుగువాళ్ళని ఎవరిని కదిపినా ఆ ఎనిమిది డాలర్ల కథ మొదలెడతారు.

ప్రశ్న: ఇవన్నీ ఇబ్బందులే, ఒప్పుకుంటాం. కానీ దేశం ఎకానమీకి ఇందులో నష్టం ఎలా జరిగింది?

సర్కారు ఖర్చు పెట్టి పాడుచేసిన దాని కంటే, సర్కారు ఆపేయడం వల్ల అసలు పుట్టనే పుట్టని ఫ్యాక్టరీలు, ఉద్యోగాల వల్ల పోయింది ఎక్కువ అని నా లెక్క. పుట్టని దానికి ఫొటో ఉండదు కాబట్టి ఎవరూ దాని గురించి ధర్నా చేయరు.

ఎలా జరుగుతుందంటే, ముందు సరుకు ధర సర్కారు కట్టేస్తుంది, ఆ రేటుకి చేసేవాడికి గిట్టదు కాబట్టి చేయడు, కొరత వస్తుంది, కొరత వచ్చింది కాబట్టి రేషన్ పెట్టాలి, రేషన్ పెట్టాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ ఇచ్చేవాడి సంతకానికి రేటు పుడుతుంది, ఇక అక్కడి నుంచి వ్యాపారి బుర్రంతా సరుకు బాగా చేయడం మీద కాకుండా సంతకం తెచ్చుకోవడం మీద ఉంటుంది. ఆన్ క్రూగర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1974లో దీని మీదే ఒక పేపర్ రాసింది, అందులో మన దేశం, టర్కీ ఉదాహరణలు. 1964లో మన దేశంలో ఇలా పర్మిట్ల చుట్టూ పుట్టిన దండగ ఆదాయం జాతీయాదాయంలో 7.3 శాతం దాకా ఉంటుందని ఆమె అంచనా.

సిమెంట్ కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. రేటు కట్టేసిన రోజుల్లో ఎప్పుడూ కొరతే. మహారాష్ట్రలో సిమెంట్ కోటాల వివాదంలో 1982 జనవరిలో ఏకంగా ముఖ్యమంత్రి కుర్చీయే పోయింది. మరుసటి నెలే కేంద్రం సగం కంట్రోల్ ఎత్తేసింది, అంటే కొంత సరుకు లెవీ కింద సర్కారుకి ఇచ్చి మిగతాది మార్కెట్ రేటుకి అమ్ముకోవచ్చు. 1989 మార్చికి పూర్తిగా ఎత్తేశారు. సున్నపురాయి మన నల్గొండలో, కడపలో, కర్నూలులో అంతకు ముందు లేక కాదు కదా, ఎప్పటి నుంచో ఉన్నదే, రేటు వదిలేశాకే సిమెంట్ కిల్న్‌లు (బట్టీలు) లేచాయి. ఇప్పుడు ఏ షాపుకెళ్ళినా ఏ కంపెనీ కావాలి సార్ అని వాడే అడుగుతాడు.

ఇంకొకటి, చిన్న పరిశ్రమలకి మేలు చేద్దామని 1967లో 47 వస్తువులు వాళ్ళకే రిజర్వ్ చేశారు, ఆ లిస్టు పోను పోను 800 దాటింది. ఉద్దేశం మంచిదే. కానీ చిన్నవాడు పెరిగితే రిజర్వేషన్ పోతుంది కాబట్టి పెరగడం మానేశాడు, ఒక్క ఫ్యాక్టరీ బదులు బావమరిది పేరు మీద ఇంకొకటి, తమ్ముడి పేరు మీద ఇంకొకటి. బట్టలు, బొమ్మలు, చెప్పులు లాంటి వాటిల్లో వేలమందికి పనిచ్చే ఫ్యాక్టరీలు చైనాలో వస్తుంటే మనం చేతులు కట్టుకుని చూశాం. ఆ లిస్టులో ఆఖరి 20 వస్తువులు తీసేసరికి 2015 వచ్చింది.

ప్రశ్న: పెద్ద వ్యాపారులని అదుపులో పెట్టడానికేగా ఇదంతా?

అనుకున్నది అదే. జరిగింది తల్లకిందులు. 1960ల్లో ఆర్.కె. హజారీ అనే ఆర్థికవేత్త సర్కారు తరఫునే లెక్కలు తీస్తే తేలిందేంటంటే, పెద్ద గ్రూపులు, ముఖ్యంగా బిర్లా వాళ్ళు, ఒకే సరుకుకి బోలెడు అప్లికేషన్లు పెట్టి లైసెన్సులు ముందే లాక్కుని, ఫ్యాక్టరీ కట్టకుండా కూర్చునేవాళ్ళు. లైసెన్స్ వాళ్ళ దగ్గరుంటే పోటీవాడికి దొరకదు కదా. ఢిల్లీలో ఆఫీసు, మనిషి, కారు పెట్టుకోగలిగినవాడికి లైసెన్స్ రాజ్ కష్టం కాదు, కోట. దెబ్బతిన్నది విజయవాడలోనో కోయంబత్తూరులోనో ఐడియా ఉండి ఢిల్లీలో ఎవరూ తెలియనివాడు.

ప్రశ్న: పన్ను 97 శాతం అంటారు, నిజమా?

నిజమే. 1970ల మొదట్లో ఆదాయప్పన్ను టాప్ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. అంటే పై స్లాబులో వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మీది. నిజాయితీగా కట్టినవాళ్ళు ఎంతమందో మీరే ఊహించుకోండి. బ్లాక్ మనీ అనే మాట మన భాషలో కలిసిపోయింది ఆ కాలంలోనే అని నాకనిపిస్తుంది.

ప్రశ్న: బ్యాంకుల జాతీయీకరణ మాత్రం మంచిదే కదా?

సగం ఒప్పుకుంటాను. 1969 జులై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్‌లో ఇంకో ఆరు. రెండో బ్యాచ్‌లో మన ఆంధ్రా బ్యాంక్ ఉంది, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు. 1969లో దేశం మొత్తం మీద 8 వేల పైచిలుకు బ్రాంచీలుంటే 1991కి 60 వేలు. పల్లెటూరి రైతు మొదటిసారి బ్యాంకు గుమ్మం తొక్కింది అప్పుడే, వడ్డీ వ్యాపారి తప్ప దిక్కులేని ఊళ్ళకి అది చిన్న సంగతేం కాదు.

రెండో సగం ఏంటంటే, 1990ల మొదటికి బ్యాంకులో మీరు వేసిన ప్రతి వంద రూపాయల్లో 38.50 దాకా సర్కారు బాండ్లలాంటి వాటిల్లో పెట్టాలి, ఇంకో 15 రిజర్వ్ బ్యాంకులో పెట్టాలి, అంటే సగానికి పైగా సర్కారు వైపే పోయింది. మిగిలిన దాంట్లో 40 శాతం ఎవరికివ్వాలో కూడా సర్కారే చెప్తుంది. ఆపైన లోన్ మేళాలు, 1990లో రుణమాఫీ. తిరిగి కట్టకపోయినా పర్లేదు అనే అలవాటు అప్పుడు నేర్పిందే, ఇప్పటికీ పోలేదు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, మా ఇంట్లో పాస్‌బుక్ మాత్రం దాచుకున్నాం.

ప్రశ్న: పబ్లిక్ సెక్టార్ అంతా దండగేనంటారా?

అలా అన్నవాళ్ళు హైదరాబాద్ చూడలేదనుకోవాలి. బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్, ఐడీపీఎల్, ఇవి లేకపోతే బాలానగర్, రామచంద్రాపురం, కుషాయిగూడ అన్నీ పొలాలుగానే ఉండేవేమో. ఐడీపీఎల్ సోవియట్ సాయంతో వచ్చిన మందుల కంపెనీ, అది లాభాలు చేసిన సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, తర్వాత మూతపడింది. కానీ అక్కడ పని నేర్చుకున్న వాళ్ళల్లో అంజిరెడ్డి గారు ఒకరు, ఆయన బయటికొచ్చి తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ ఫార్మా కథ మొత్తం ఆ బాలానగర్ ల్యాబుల్లోంచి మొలిచిందే. దానికి తోడు 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ అంది, అదీ సర్కారు జోక్యమే, మనకి బాగా పనికొచ్చిన జోక్యం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఐడీపీఎల్ జనాలకి పని నేర్పింది, నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి సొంతంగా పెట్టుకోగలిగారు కాబట్టి దేశానికి లాభం. అదే స్కూటర్లలో, ఫోన్లలో బయటికొచ్చి పెడదామన్నా పెట్టనివ్వలేదు.

ప్రశ్న: విశాఖ ఉక్కు సంగతేంటి? దక్షిణ కొరియా కూడా సర్కారు కంట్రోల్‌లోనే పెరిగింది కదా?

రెండూ కలిపి చెప్తాను, ఎందుకంటే ఈ రెండూ పక్కపక్కన పెడితేనే మజా.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ 1966లో ఉద్యమం, అమృతరావు గారి నిరాహార దీక్ష, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన. 64 ఊళ్ళ జనం భూములిచ్చారు. ఆ తర్వాత డబ్బుల్లేవ్, ప్రాజెక్టు రిపోర్టు మారింది, సర్కార్లు మారాయి, సోవియట్ ఒప్పందం 1979లో, కంపెనీ పెట్టింది 1982లో, గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. మొదట అనుకున్నది 3,897 కోట్లు, అయ్యింది దానికి రెట్టింపు పైన. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు.

ఇప్పుడు కొరియా. పోహాంగ్ అనే ఊళ్ళో పోస్కో అని స్టీల్ కంపెనీ 1968లో పెట్టారు, అదీ సర్కారుదే. పశ్చిమ దేశాల వాళ్ళు, ప్రపంచ బ్యాంకు మీకెందుకు స్టీలు అని డబ్బులివ్వలేదు, జపాన్ తన పాత వలస పాలనకి పరిహారంగా ఇచ్చిన సొమ్ము అందులో పెట్టారు. పని మొదలైంది 1970 ఏప్రిల్, అంటే మనకి ప్రకటన వచ్చిన నెలే! మొదటి దశ పూర్తయింది 1973 జులై. మూడేళ్ళ చిల్లర. మనకి ఇరవై ఏళ్ళు.

రెండూ సర్కారువే, రెండు దేశాల్లోనూ పంచవర్ష ప్రణాళికలే, కొరియాలో బ్యాంకులు కూడా సర్కారు చేతిలోనే. మరి తేడా ఎక్కడ? అక్కడ అప్పు కావాలంటే ఎగుమతి చేసి చూపించాలి, బయటి మార్కెట్లో అమ్ముడుపోతే ఉంటావ్ లేకపోతే పోతావ్. ఇక్కడ కంపెనీలకి బయటికెళ్ళే పని లేదు, లోపల పోటీ లేదు, కస్టమ్స్ సుంకం కొన్ని సరుకుల మీద 300 శాతం దాటిన దేశంలో అంబాసడర్ కారు ముప్పై ఏళ్ళయినా అదే డోరు హ్యాండిల్‌తో వచ్చినా జనం కొనుక్కున్నారు, ఇంట్లో పులులే అన్నీ. కొరియాలో సైనిక పాలన, కార్మికుల నోరు నొక్కేయడం కూడా ఉన్నాయి, అది మర్చిపోయి పొగిడేవాళ్ళతో నాకు పడదు. కానీ సర్కారుదా ప్రైవేటుదా అనే ఒక్క ప్రశ్నతో ఏమీ తేలదని మాత్రం ఇక్కడ అర్థమవుతుంది. మన దగ్గర కూడా మారుతీ సర్కారు కంపెనీగానే మొదలైంది, సుజుకీ టెక్నాలజీతో 1983లో కారు తెచ్చి అంబాసడర్ నిద్ర చెడగొట్టింది.

విశాఖ ప్లాంటుకి సొంత ఇనుప గనులు ఇప్పటికీ లేవు, ఖనిజం మార్కెట్ రేటుకి కొనుక్కోవాలి. 2021 జనవరిలో మొత్తం వాటా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం, మళ్ళీ ఉద్యమాలు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. గనులివ్వకుండా నష్టాలొచ్చాయి కాబట్టి అమ్మేస్తాం అంటే అది న్యాయంగా లేదు, ప్యాకేజీల మీద ప్యాకేజీలు ఇచ్చుకుంటూ పోవడం కూడా పరిష్కారం కాదు. ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలు.

ప్రశ్న: 77 అని కూల్ డ్రింక్ సర్కారే అమ్మిందా?

అమ్మింది. 1973 ఫెరా (విదేశీ మారకం నియంత్రణ) చట్టం ప్రకారం విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమంటే 1977లో కోకాకోలా వెళ్ళిపోయింది, మరుసటి ఏడాది ఐబీఎం కూడా. బ్రెడ్డు చేసే సర్కారు కంపెనీ మోడరన్ చేత 77 అనే కోలా చేయించారు. జనం థమ్సప్ తాగారు.

ప్రశ్న: 1991లో అసలేం జరిగింది? పీవీ గారు ఏం చేశారు?

1980ల్లో సర్కారు అప్పులు చేసి ఖర్చు పెట్టింది, లోటు జీడీపీలో 8 శాతం దగ్గరికెళ్ళింది. 1990 ఆగస్టులో కువైట్ యుద్ధం, చమురు రేటు పెరిగింది, గల్ఫ్ నుంచి మనవాళ్ళు పంపే డబ్బులు తగ్గాయి, పైన ఢిల్లీలో సర్కార్లు పడిపోవడం. 1991 వేసవికి ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి కూడా బొటాబొటి. మేలో 20 టన్నుల బంగారం స్విస్ బ్యాంకుకి, జులైలో ఇంకో 47 టన్నులు దాకా ఇంగ్లండ్, జపాన్ సెంట్రల్ బ్యాంకుల దగ్గర తాకట్టుకి. దేశం పుస్తెలు కుదువ పెట్టినట్టయింది.

రాజకీయాల నుంచి తప్పుకుందామని సామాను సర్దుకున్న పీవీ గారు జూన్ 21న ప్రధాని అయ్యారు. జులై 1న, 3న రెండు దెబ్బల్లో రూపాయి విలువ తగ్గించారు, డాలరు 21 నుంచి 26 దగ్గరికి. జులై 24న మధ్యాహ్నం కొత్త పారిశ్రామిక విధానం సభలో పెట్టారు, సాయంత్రం మన్మోహన్ సింగ్ గారి బడ్జెట్. అందరికీ బడ్జెట్టే గుర్తుంది, కానీ అసలు గొడ్డలి పెట్టు ఆ మధ్యాహ్నం కాగితంలో ఉంది, 18 పరిశ్రమలు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్స్ రద్దు. పరిశ్రమల శాఖ పీవీ గారు తన దగ్గరే పెట్టుకున్నారు. మెజారిటీ లేని సర్కారు. ఆయన అప్పటికి ఎంపీ కూడా కాదు, నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ పోటీ పెట్టలేదు.

ప్రశ్న: అదే పీవీ ముఖ్యమంత్రిగా భూ సంస్కరణలు చేశారు కదా, సోషలిస్టు కాదా?

అదే పీవీ. 1971-73లో భూ పరిమితి అంటూ గట్టిగా నిలబడి పెద్ద రైతులందరితో వైరం తెచ్చుకున్నారు. 1991లో కూడా నెహ్రూ దారి వదల్లేదు అనే చెప్పుకున్నారు. ఆయన సంగతి అంత తేలిగ్గా ఎవరికీ అంతుపట్టదు.

ప్రశ్న: అంటే 1991 తర్వాతే అభివృద్ధి, అంతకు ముందు చీకటి, అంతేనా?

అంత సింపుల్ అయితే ఈ పేజీ అక్కర్లేదు. 1950 నుంచి 1980 దాకా ఏడాదికి సగటున 3.5 శాతం పెరిగాం, రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త దీనికి హిందూ గ్రోత్ రేట్ అని వెటకారంగా పేరు పెట్టాడు (రేటుకి మతమేంటో గానీ పేరు నిలిచిపోయింది). జనాభా రెండు శాతం పైన పెరుగుతుంటే తలసరికి మిగిలేది ఒకటింబావు. కానీ బ్రిటిష్ వాళ్ళ ఆఖరి యాభై ఏళ్ళతో పోలిస్తే ఇదీ నయమే. 1980ల్లో కంట్రోళ్ళు కాస్త సడలించాక వేగం 5 శాతం దాటింది, 1991 కంటే ముందే. పేదరికం టెండూల్కర్ కమిటీ లెక్కలో 1993-94లో 45 శాతం, 2011-12కి 22 శాతం.

తలుపులు తెరిచాక దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. ఆల్విన్ పోయింది, ఐడీపీఎల్ పోయింది, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది, సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల చావులు మనం పేపర్లలో చదివాం. ఇంకో చేదు నిజం, సర్కారు హోటళ్ళు, వాచీలు, బ్రెడ్డు చేసిన ఆ నలభై ఏళ్ళల్లో పల్లెటూరి బడికి టీచరు మాత్రం రాలేదు, 1991 నాటికి దేశంలో అక్షరాస్యత 52 శాతం. చేయక్కర్లేనివన్నీ నెత్తినేసుకుని చేయాల్సింది వదిలేయడం అంటే ఇదే.

ప్రశ్న: రెండు రూపాయల కిలో బియ్యం కూడా సోషలిజమే కదా, అదీ తప్పా?

1983లో ఎన్టీఆర్ పెట్టిన ఆ పథకం వల్ల రెండు పూటలా తిన్నవాళ్ళని నేనెరుగుదును, దాన్ని తప్పనే నోరు నాకు లేదు. పేదవాడికి బియ్యం ఇవ్వడం వేరు, బియ్యం ఎవరు అమ్మాలో, ఏ రేటుకి, ఏ జిల్లా దాటకూడదో చెప్పడం వేరు. మొదటి దానికి బడ్జెట్లో లెక్క కనపడుతుంది, మోయగలమా లేదా అని వాదించుకోవచ్చు. రెండోదాని ఖర్చు ఏ బడ్జెట్లోనూ ఉండదు. 1973లో గోధుమల హోల్‌సేల్ వ్యాపారం మొత్తం సర్కారు తీసుకుంటే మార్కెట్లో గోధుమలు మాయమయ్యాయి, ఏడాది తిరక్కుండా వెనక్కి తగ్గారు.

ప్రశ్న: మరి స్వీడన్, డెన్మార్క్?

అక్కడ పన్నులెక్కువ, ఆసుపత్రి, చదువు సర్కారు చూసుకుంటుంది. కంపెనీ పెట్టుకోడానికి, మూసుకోడానికి మాత్రం మన దగ్గర కంటే తేలిక. 2015లో డెన్మార్క్ ప్రధానే మాది సోషలిస్టు దేశం కాదు, మార్కెట్ ఎకానమీ అని అమెరికాలో చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెక్కడుంది కంట్రోల్?

మీ పక్కనే ఉంది. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరు దాకా. పట్నంలో రేటు పెరగకూడదని, గోదావరి జిల్లాల్లో, నిజామాబాద్‌లో వరి పండించినవాడికి బయటి రేటు అందకుండా పోయింది. యూరియా బస్తా రేటు ఏళ్ళ తరబడి 266 రూపాయల దగ్గర కట్టేసి ఉంచితే రైతు యూరియానే గుమ్మరిస్తాడు, మిగతా ఎరువులు తగ్గిస్తాడు, నేల పాడవుతుంది, సీజన్లో లైన్లు మామూలే.

ఆంధ్రాలో 2021లో పంచాయతీల్లో నాన్ ఏసీ సినిమా హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలకి మించకూడదని జీవో ఇచ్చారు, ఐదు రూపాయలకి ఇప్పుడు పాప్‌కార్న్ వాసన కూడా రాదు, కొన్ని హాళ్ళు మూసుకున్నారు, 2022 మార్చిలో రేట్లు మార్చారు. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా మందు షాపులు సర్కారే నడిపింది, అడిగిన బ్రాండ్ ఉండదు, ఉన్నదాని పేరు ఎవరూ వినుండరు. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, అమ్మేవాడు ఒక్కడే అయితే కౌంటర్ అవతల మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసింది, మా బాబాయి అయితే 1970ల సిమెంట్ ఆఫీసు గుర్తొచ్చిందన్నాడు.

ప్రశ్న: ఆ తాకట్టు పెట్టిన బంగారం వెనక్కి వచ్చిందా?

అప్పు ఆ ఏడాదిలోనే తీర్చేశారు. 2009లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దగ్గర్నుంచే 200 టన్నుల బంగారం రిజర్వ్ బ్యాంకు కొంది. 2024లో ఇంగ్లండ్‌లో దాచిన మన బంగారంలోంచి 100 టన్నులు విమానాల్లో ఇంటికి తెచ్చుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే, ఎన్ని క్యారెట్లు అని అడిగింది.